నూనె తాగిన నేలకు నేలలోనే మందు

పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలలో ఏ మండల కేంద్రానికి పోయినా బస్టాండు దాటగానే రోడ్డు కిరువైపులా ట్రాక్టర్, లారీ మరమ్మతు షెడ్ల వరుస కనిపిస్తుంది. ఆ షెడ్ల ముందు నేల నల్లగా, జిడ్డుగా, గట్టిపడి ఉంటుంది. నిండు వానకాలంలో సైతం అక్కడ గడ్డిపోచ మొలవదు. ఇంజన్ల నుంచి దించిన కాలిన ఆయిల్, సామాను కడిగిన డీజిల్, గ్రీజు ఏళ్ళ తరబడి ఆ మట్టిలో ఇంకుతూ ఉండడమే అందుకు కారణం. వాన పడిన రోజున నీటిపై రంగురంగుల పొర తేలుతూ మోరీల గుండా చెరువులోకో, వాగులోకో చేరుతుంది. దీనిని చూసీ చూడనట్లు ఊరుకోవడం అందరికీ పరిపాటి అయిపోయింది.

ఇది చిన్న విషయమని కొట్టివేయడానికి వీలులేదు. ఒక ట్రాక్టర్‌కు 250 గంటల పని కొకసారి ఆయిల్ మార్చవలసి ఉంటుంది. మార్చిన ప్రతిసారీ ఏడెనిమిది లీటర్ల కాలిన ఆయిల్ బయటికి వస్తుంది. ఊరికి ఇన్ని ట్రాక్టర్లు, వరికోత మిషన్లు, ఆటోలు, లారీలు వచ్చిన తర్వాత ఆ లెక్క ఎంతకు పోతుందో రైతులే వేసుకోవచ్చు. ఒక్క కారులో ఒక్కసారి మార్చిన ఆయిల్ పది లక్షల గ్యాలన్ల మంచినీటిని పాడుచేయగలదని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఏనాటినుంచో హెచ్చరిస్తున్నది. గోదావరి వెంబడి బొగ్గు ప్రాంతంలోనైతే మాట మరీ పెద్దది. రామగుండం, శ్రీరాంపూర్, మందమర్రి, బెల్లంపల్లి ఏరియాలలో ఓపెన్‌కాస్టు గనులు వచ్చిన తర్వాత డంపర్లు, షావెల్‌లు, డోజర్లు రాత్రింబవళ్ళు నడుస్తున్నవి. వంద టన్నుల డంపర్ ముందు మన ట్రాక్టర్ ఏపాటిది! అటువంటి యంత్రాలను కడిగే చోట్ల నుంచి వచ్చే నీటిలో నూనె, గ్రీజు లీటరుకు 10 మిల్లీగ్రాములు మించరాదని నిబంధన ఉన్నది. నీటిపై తేలే నూనెను పట్టి ఆపే తొట్టెలు కట్టాలని, వాటిని ఎప్పటికప్పుడు తోడాలని కూడా ఉన్నది. ఈ తొట్టెలు నిజంగా తోడుతున్నారా లేదా అన్నది దిగువ గ్రామాల వారు అడిగి తెలుసుకోవలసిన విషయం.

ఇకముందు నూనె పడకుండా ఆపడం ఒక పని. ఇదివరకే నూనె తాగి కూర్చున్న నేలను ఏం చేయాలన్నది మరొక పని. ఇప్పటివరకు జరుగుతున్నదేమిటి? ఆ మట్టిని తవ్వి ఊరవతల పోయడం, లేక దానిపై కొత్త మొరం పరచి కప్పిపెట్టడం. మొదటిది కాలుష్యాన్ని ఒక చోటినుంచి మరొక చోటికి మార్చడమే అవుతుంది. రెండవది కంటికి కనబడకుండా దాచడం. కొందరు కాల్చివేస్తారు. ఆ పొగలో ఏమేమి ఉంటవో పీల్చేవారి ఊపిరితిత్తులకే తెలియాలి. ఇవేవీ కాక మరొక దారి ఉన్నది. నూనెను తిని బ్రతికే సూక్ష్మజీవులు మట్టిలోనే ఉన్నవి. వాటికి కావలసినవి సమకూర్చితే ఆ నేలను అవే శుభ్రం చేస్తవి.

ఇది వినడానికి చోద్యంగా ఉండవచ్చు. కాని సోయా, వేరుశనగ విత్తనాలకు రైజోబియం పొడి పట్టించే ఆదిలాబాద్ రైతుకు ఇందులో కొత్త ఏమీ లేదు. కంటికి కనబడని జీవి గాలిలోని నత్రజనిని పట్టి మొక్క వేరుకు అందిస్తుందని ఆయనకు తెలుసు. అటువంటి జీవులే మరికొన్ని, నూనెను ఆహారంగా తీసుకుంటవి. సూడోమొనాస్, రోడోకాకస్, అసినెటోబాక్టర్ వంటి పేర్లతో శాస్త్రజ్ఞులు వీటిని గుర్తించారు. మన పొలంలో గ్రాము మట్టి తీసుకుంటే అందులో కోట్ల బాక్టీరియా ఉంటవి. వాటిలో నూనె తినగలిగినవి మామూలుగా కొద్దిపాటే. నూనె పడిన చోట మిగతావి చచ్చి, ఇవి పెరుగుతవి. భూమిలోని పెట్రోలియం కూడా కోట్ల సంవత్సరాల క్రిందటి జీవుల అవశేషమే కనుక ఈ సూక్ష్మజీవులకు అది కొత్త తిండి కాదు.

వాటి పని జరిగే తీరు ఇది. నూనె నీటిలో కలవదు, బాక్టీరియా నీటి తడిలోనే బ్రతుకుతుంది. అందుచేత అనేక జాతుల బాక్టీరియా సబ్బు వంటి పదార్థాన్ని తామే తయారుచేసుకుంటవి. తలకు పట్టిన ఆముదాన్ని కుంకుడు నురగ విడదీసినట్లు, ఆ పదార్థం నూనెను సన్నని బిందువులుగా విడగొడుతుంది. తర్వాత బాక్టీరియా గాలిలోని ప్రాణవాయువును నూనె అణువుకు తగిలించి, దానిని ముక్కలు ముక్కలుగా కోసి తింటుంది. చివరకు మిగిలేది బొగ్గుపులుసు వాయువు, నీరు, కొంత చచ్చిన బాక్టీరియా ఎరువు. అయితే మేక లేత చిగుళ్ళను ముందు తిన్నట్లు, ఇవి కూడా డీజిల్‌లో ఉండే తేలిక భాగాలను ముందు తింటవి. తారు వంటి బరువు భాగాలు చాలా ఆలస్యంగా పోతవి, కొన్ని పోనే పోవు.

ఈ సంగతిపై ప్రపంచమంతటా చర్చ లేపినవాడు భారతీయుడే. బెంగాల్‌లో పుట్టి అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో పనిచేసిన ఆనంద చక్రవర్తి, 1970 దశకం తొలినాళ్ళలో నూనెలోని పలు భాగాలను ఒక్కటే తినగల బాక్టీరియాను తయారుచేశారు. జీవికి పేటెంటు ఇవ్వవచ్చునా అన్న వివాదం అమెరికా సుప్రీంకోర్టు దాకా పోయి, 1980 జూన్ 16న అయిదుగురు న్యాయమూర్తులు ఔనని, నలుగురు కాదని తీర్పు చెప్పారు. కోర్టులో గెలిచిన ఆ జీవి సముద్రంలో నూనెను శుభ్రం చేసే పనికి దిగనే లేదు. చిత్రమేమంటే, అంతకన్న పెద్ద పని పేరులేని మామూలు బాక్టీరియా చేసింది. 1989 మార్చి 24న ఎక్సాన్ వాల్డెజ్ ఓడ అలాస్కా తీరంలో రాళ్ళకు తగిలి వేల టన్నుల ముడి చమురు ఒలికింది. అప్పుడు అక్కడి తీరంపై బాక్టీరియాను చల్లలేదు, ఎరువు చల్లారు. నత్రజని, భాస్వరం అందేసరికి అక్కడి గులకరాళ్ళను అంటిపెట్టుకున్న బాక్టీరియాయే పెరిగి నూనెను వేగంగా తిన్నది. జిల్లా రైతులు గుర్తుంచుకోవలసిన ముక్క ఇదే. విత్తనం నేలలో ఉన్నది, దానికి ఎరువు, తడి, గాలి కరువు.

మన దేశంలో ఈ విద్య ప్రయోగశాల దాటి ఎన్నో ఏళ్ళయింది. ఢిల్లీలోని టెరి సంస్థ శాస్త్రజ్ఞుడు డాక్టర్ బన్వారీలాల్ బృందం అయిదు రకాల బాక్టీరియాను కలిపి ‘ఆయిల్‌జాపర్’ అనే మందు తయారుచేసింది. ఆ బాక్టీరియాను దేనిలో పట్టించి సంచులకెత్తుతారో తెలిస్తే కరీంనగర్ రైతు నవ్వుకుంటాడు. గింజ ఒలిచిన మక్కజొన్న బెండ్ల పొడిలో! ఇక్కడ కల్లాల దగ్గర గుట్టలుగా పడి, పొయ్యిలోకో మంటలోకో పోయే సరుకు అది. 2007లో ఓ.ఎన్.జి.సి., టెరి కలిసి ఈ పని కోసమే ఒక కంపెనీని స్థాపించాయి. చమురు బావుల వద్ద, రిఫైనరీల వద్ద గోతులలో పేరుకున్న నూనె బురదను దీనితో శుద్ధి చేస్తున్నారు. 2010 ఆగస్టులో బొంబాయి రేవు వద్ద రెండు ఓడలు ఢీకొని నూనె ఒలికినప్పుడు తీరాన్ని శుభ్రం చేయడానికి దీనిని వాడారు. 2017 జనవరి 28న మద్రాసు పక్కన ఎన్నూరు వద్ద ఓడలు ఢీకొన్నప్పుడు జనం బక్కెట్లతో ఎత్తిన నూనె బురదను చివరకు బాక్టీరియాకే అప్పగించవలసి వచ్చింది. మన హైదరాబాద్ తార్నాకలోని భారత రసాయన సాంకేతిక సంస్థ శాస్త్రజ్ఞులు సైతం పెట్రోలియం బురదలో మట్టిని కలిపి శుద్ధి చేసే పద్ధతిపై 2011లో పరిశోధన ప్రచురించారు. పనివారు ఉన్నారు, పద్ధతి ఉన్నది. అది రిఫైనరీ గోడల వద్దనే ఆగిపోయి, రైతు పొలం దాకా రాకపోవడం విచారకరం.

మన నేలల్లో దీన్ని ఎట్లా చేయాలన్నది విడిగా ఆలోచించవలసిన ప్రశ్న. చెల్క నేలలో గాలి ఆడుతుంది కాని తడి నిలవదు. నల్లరేగడిలో తడి నిలుస్తుంది కాని, నూనె పట్టిన తర్వాత గాలి చొరబడదు. గాలి లేనిదే ఈ బాక్టీరియా పని సాగదు. కనుక రేగడి మట్టికి వరి ఊకో, తరిగిన గడ్డో, బెండ్ల పొడో కలిపి గుల్లబరచాలి. నూనె మట్టిని తవ్వి, కింద మందపాటి ప్లాస్టిక్ పట్టా పరచి, చుట్టూ గట్టు పోసిన మడిలో జానెడు మందాన పరచాలి. గట్టు లేకపోతే మొదటి వానకే ఆ నూనె వాగులో ఉంటుంది. బాగా మాగిన పశువుల పెంట కలిపి, వారం పది రోజుల కొకసారి నాగలితోనో, గుంటుకతోనో కలియదున్నాలి. మట్టి చేతికి చెమ్మగా తగలాలి, బురద కారాదు. నడి ఎండాకాలంలో రామగుండం వైపు ఎండలు 45 డిగ్రీలు దాటుతవి కనుక మడిపై గడ్డి కప్పి తడపక తప్పదు.

ఎరువు లెక్క కూడా రైతుకు అందేదే. నూనెలోని బొగ్గు పదార్థం వంద పాళ్ళయితే నత్రజని పది పాళ్ళు, భాస్వరం ఒక పాలు ఉండాలని ఒక లెక్క వాడుకలో ఉన్నది. ఆ ప్రకారం సుమారు రెండు ట్రాలీల మట్టిలో వంద కిలోల నూనె ఉన్నదనుకుంటే, దానికి పద్ధెనిమిదిన్నర కిలోల యూరియా, పన్నెండు కిలోల సూపర్‌ఫాస్ఫేటు సరిపోతవి. అంటే 45 కిలోల యూరియా బస్తాలో సగానికి తక్కువే. ఏటా 12.7 లక్షల టన్నుల యూరియా తయారుచేయగల కర్మాగారం రామగుండంలోనే ఉన్నది కదా! అయితే ఉన్నదంతా ఒకేసారి గుమ్మరించరాదు. అది బాక్టీరియాకే చేటు, మిగిలింది నైట్రేటుగా మారి బావి నీటిలో దిగుతుంది. మూడు నాలుగు దఫాలుగా వేయాలి. నూనె మరీ ఎక్కువగా, అంటే మట్టి బరువులో నూటికి అయిదు పాళ్ళు మించి ఉంటే, మంచి మట్టి కలిపి పలుచన చేయకుండా పని మొదలుపెట్టడం దండగ.

దీని పరిమితులను కూడా దాచకుండా చెప్పుకోవలసి ఉన్నది. కాలిన ఇంజన్ ఆయిల్‌లో నూనె మాత్రమే ఉండదు. ఇంజన్ అరుగుదలతో వచ్చిన ఇనుము, రాగి, సీసం, ఆయిల్‌లో కలిపిన జింకు మొదలైన లోహాలు అందులో ఉంటవి. ఏ బాక్టీరియా కూడా లోహాన్ని తిని మాయం చేయలేదు. కాన్సర్ కలిగించే కొన్ని భాగాలు అన్నిటికన్న చివర గాని పోవు. కనుక శుద్ధి చేసిన మట్టిని పరీక్ష చేయించకుండా కూరగాయలకో, వరికో వాడడం తగదు. చెట్లు పెంచడానికో, రోడ్డు పక్క గట్లకో వాడుకోవడం మేలు. రెండవది, ఇది రాత్రికి రాత్రి జరిగే పని కాదు. డీజిల్ పడిన మట్టికి నెలలు, కాలిన ఆయిల్ తాగిన మట్టికి అంతకన్న ఎక్కువ పట్టవచ్చు. మూడవది, నూనె నీళ్ళలోకి దిగిన తర్వాత ఇంత సులువు కాదు. కాలిన ఆయిల్ చిక్కన కనుక చాలా వరకు పై మట్టిలోనే పట్టుకొని ఉంటుంది. డీజిల్, పెట్రోలు పలచనివి. కరీంనగర్ వైపు రాతి పగుళ్ళ గుండా, గోదావరిఖని, మంచిర్యాల వైపు ఇసుకరాయి గుండా అవి బోరు నీటిని చేరగలవు. భూగర్భంలో గాలి తక్కువ కనుక అక్కడ బాక్టీరియా పని మందకొడిగా సాగుతుంది. బావి నీటికి డీజిల్ వాసన వచ్చిందంటే పొడి చల్లడం కాదు, ఆ నీటిని తాగడం ఆపి పరీక్షకు పంపాలి. ఈలోగా ఏదో ఒక పొట్లం పట్టుకొని, ‘ఇది చల్లితే వారంలో మట్టి బంగారమవుతుంది’ అంటూ అమ్మవచ్చేవారు కూడా తయారుకాగలరు. వారిని దూరం పెట్టాలి.

అన్నిటికన్న ముఖ్యం, బాక్టీరియా ఉన్నది కదా అని నూనె పారబోయడానికి ఇది అనుమతి కానే కాదు. కాలిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థాల జాబితాలో ఉన్నది. 2016 నిబంధనల ప్రకారం దానిని అనుమతి పొందిన శుద్ధి కేంద్రాలకే ఇవ్వాలి. 2024 ఏప్రిల్ 1 నుంచి ఆయిల్ తయారుచేసే కంపెనీలే వాడిన ఆయిల్‌ను తిరిగి శుద్ధికి చేర్చే బాధ్యత వహించాలన్న నిబంధన కూడా అమలులోకి వచ్చింది. ఇది కాగితం మీది మాట. జిల్లాలో జరిగేది వేరు. మేస్త్రీ దానిని డబ్బాలో పట్టి ఉంచితే సెంట్రింగు చెక్కలకు పూయడానికి కొందరు, చెదలు పట్టకుండా వాసాలకు పూయడానికి కొందరు పట్టుకుపోతారు. మిగిలింది నేల పాలు. దీనికంతటికీ షెడ్డు మేస్త్రీని దోషిగా నిలబెట్టడం న్యాయం కాదు. రోజుకింత సంపాదించి నలుగురు కుర్రవాళ్ళకు పని నేర్పే మనిషికి కాలిన ఆయిల్ ఎవరికి ఇవ్వాలో చెప్పినవారు లేరు, తీసుకుపోవడానికి వచ్చినవారూ లేరు. మండలానికొక పీపా పెట్టించి, నెలకొకసారి బండి పంపితే చాలు, చాలా మట్టుకు సమస్య మొదట్లోనే ఆగిపోతుంది. కొత్త ఆయిల్ డబ్బాను మారుమూల పల్లెకు చేర్చగలిగిన కంపెనీకి పాత ఆయిల్ డ్రమ్మును తెప్పించుకోవడం చేతకాదా?

పెద్ద పరిశ్రమల విషయంలో ఈ సానుభూతికి తావు లేదు. కాలుష్యం చేసినవారే దానిని తొలగించే ఖర్చు భరించాలని రాజస్థాన్‌లోని బిఛ్‌డీ గ్రామం కేసులో సుప్రీంకోర్టు 1996లోనే తేల్చి చెప్పింది. ఆ గ్రామస్థుల బావులు రసాయన కర్మాగారాల వల్ల పాడయినవి. రాజీవ్ రహదారిపైనో, నిర్మల్ మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారిపైనో ట్యాంకర్ బోల్తాపడి పొలంలో డీజిల్ పారితే, ఆ రైతుకు కూడా ఇదే న్యాయం వర్తిస్తుంది. అటువంటప్పుడు డబ్బాలు పట్టుకొని పరుగెత్తడం ప్రాణాలతో చెలగాటం. ఒక్క నిప్పురవ్వ చాలు. పొలం యజమాని చేయవలసింది ఫోటో తీయించడం, పంచనామా రాయించడం, పంట నష్టంతోపాటు నేల శుద్ధి ఖర్చును కూడా దరఖాస్తులో చేర్చడం. పంటకు పరిహారం ఒక్కసారికి వస్తుంది, నేల మాత్రం మరుసటి ఏడు కూడా కావాలి.

జిల్లా స్థాయిలో జరగవలసిన పని ఒకటున్నది. జగిత్యాల పక్కన పొలాసలో వ్యవసాయ పరిశోధనా కేంద్రం, జమ్మికుంట, బెల్లంపల్లి, ఆదిలాబాద్‌లలో కృషి విజ్ఞాన కేంద్రాలు, కరీంనగర్‌లో శాతవాహన విశ్వవిద్యాలయం ఉన్నవి. మన రేగడిలో, మన చెల్కలో, మన ఎండలో ఏ పద్ధతి ఎన్ని నెలలకు పనిచేస్తుందో తేల్చవలసినవారు వీరే. అలాస్కా చలిలో జరిగిన దానిని రామగుండం ఎండకు యథాతథంగా అన్వయించలేము. గనుల వర్క్‌షాపుల ఆవరణలలో నూనె పట్టిన నేల ఉంటే, దానిలో పది గుంటలు ఈ ప్రయోగానికి సింగరేణి యాజమాన్యం కేటాయించాలి. డబ్బు లేదన్న మాట చెల్లదు. గనులున్న జిల్లాలలో 2015 చట్ట సవరణ ప్రకారం జిల్లా ఖనిజ నిధి ఏర్పడింది. ఆ నిధి ఖర్చుచేయవలసిన ప్రాధాన్య రంగాలలో మంచినీటితోపాటు కాలుష్య నివారణ కూడా ఉన్నది. పెద్దపల్లి, మంచిర్యాల జిల్లాల గ్రామసభలు రోడ్లు, హాళ్ళతోపాటు దీనిని కూడా తీర్మానంలో రాసి కలెక్టరుకు పంపవచ్చు.

తీర్మానం వానకాలంలోనే జరిగితే మంచిది. దసరా తర్వాత వానలు వెనక్కు తగ్గుతవి, ఎండలింకా ముదరవు. మడి పరచడానికి అంతకన్న అనువైన అదను లేదు. సంక్రాంతి దాటిన తర్వాత ఆ మడి మట్టిని ఒక కుండీలో, మంచి పొలం మట్టిని మరొక కుండీలో పోసి, రెండింటిలో ఇరవై చొప్పున జొన్న గింజలు వేసి చూడాలి. లేబొరేటరీ రిపోర్టు వచ్చేలోగా ఎందులో ఎన్ని మొలిచినవో గ్రామస్థులు తామే లెక్కపెట్టుకోవచ్చు. తక్కువ మొలిస్తే మరొక దఫా పెంట, యూరియా వేసి ఉగాది దాకా దున్నవలసి ఉంటుంది.